కోడిగుడ్లు చల్లారకుండా

నా చిన్నప్పుడు ఒమాన్‌లోని దార్సైట్‌లో మేమున్న మూడంతస్తుల బిల్డింగులో ఒక విమానాల అంకుల్ ఉండేవాడు. పై అంతస్తు ఫ్లాట్ ఆయనది. ఏదో విమానాల కంపెనీలో టికెట్లు రాసే ఉద్యోగం. జన్మలో ఒక్క విమానం నడిపింది లేదు సరికదా, సెలవుకి ఊరెళ్లినప్పుడల్లా బొంబాయి దాకా వాంతులు చేసుకునే మనిషి. అయినా ఆయన హాలు నిండా పాత యుద్ధవిమానాల ఫొటోలే. రెండు వరసల రెక్కలు, వాటి మీద బిగించిన గుడ్డ, పక్కనే ఇసుకలో నిక్కర్లేసుకుని నిలబడ్డ తెల్లదొరలు. ఆ ఫొటోల కింద మా పిల్లలందరినీ కూర్చోబెట్టి ఒకటే పాఠం చెప్పేవాడు. ఎడారిని ఏలడానికి పెద్ద సైన్యం అక్కర్లేదట. ఏ తెగ అయినా మాట వినకపోతే ముందు పై నుంచి హెచ్చరిక కాగితాలు చల్లేవారట, అయినా లొంగకపోతే బాంబులట. రెండంటే రెండు విమానాలతో ఊళ్లకు ఊళ్లు దారికొచ్చేవట. ఆ కాగితాలు చదవడం ఆ ఊళ్లలో ఎవరికైనా వచ్చా అని నేనొకసారి అడిగాను. చదువు రాకపోవడం వాళ్ల తప్పు అన్నాడు.

ఇలాంటి మనిషినే మా బిల్డింగు వాళ్లు సెక్రటరీని చేశారు. అప్పట్లో నీళ్లు ట్యాంకరు మీద వచ్చేవి. కింద తొట్టి నింపితే, దాని కుళాయి దగ్గర మేమూ పట్టుకునేవాళ్లం, వాదీకి, అదే ఎండిపోయిన వాగుకి, అవతల రేకుల షెడ్డులో ఉండే కరీంనగర్ కూలీలూ పట్టుకునేవాళ్లు. వాళ్ల కంపెనీ ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. ఒకనాడు పొద్దున లేచేసరికి కుళాయి తెరిచి ఉంది, తొట్టి ఖాళీ. ఎవరు వదిలేశారో ఇప్పటికీ తెలియదు. అంకుల్‌కి మాత్రం విచారణ అక్కర్లేకపోయింది. సాయంత్రానికల్లా కుళాయికి తాళం పడింది, షెడ్డు వాళ్లందరికీ నీళ్లు బంద్. ఒక్కడికి శిక్ష వేస్తే ఒక్కడే మారతాడని, అందరికీ వేస్తే దొంగను వాళ్లే పట్టిస్తారని, దొరలు ఎడారిలో చేసింది ఇదేనని చాలా గర్వంగా చెప్పాడు.

షెడ్డు నుంచి ఒక పెద్దాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "గా మనిషెవ్వడో మాగ్గూడ తెల్వది సార్. ఒక్కడు జేస్తె అందరి నీళ్లు బంద్ వెడితె ఎట్ల? గీ ఎండల డ్యూటీ జేసొచ్చి ఏం తాగాలె?" అన్నాడు. అంకుల్ తలుపేసుకున్నాడు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకునే రకం అని మా అమ్మ వంటింట్లోంచి తిట్టింది. కానీ తాళంచెవి ఆయన జేబులో ఉంది. షెడ్డు వాళ్లు అంత ఎండలో క్యాన్లు మోసుకుంటూ దూరంగా ఉన్న మసీదు కుళాయికి నడవడం మొదలుపెట్టారు. మూడో రోజుకి వాళ్లలో ఒకతను మా మెట్ల దగ్గరే కళ్లు తిరిగి పడిపోయాడు.

మా కింది గదిలో ఒక ముసలాయన ఉండేవాడు. గోదావరి మనిషి, నేను వంట తాత అనేదాన్ని. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే ఓడెక్కి వచ్చి, ఇరాక్ ఎడారి నుంచి ఈ ఒమాన్ ఒడ్డు దాకా దొరల విమాన క్యాంపుల్లో వంట చేసినవాడు. అంకుల్ ఎన్నిసార్లు బతిమాలినా ఆ రోజుల సంగతి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు, పప్పు మాడిపోతోందని లేచి వెళ్లిపోయేవాడు. ఆ శుక్రవారం మధ్యాహ్నం మాత్రం తనే మెట్లెక్కి అంకుల్ తలుపు తట్టాడు. "ఆయ్, తమరు విమానాల సంగతి తెలిసినోరు కదండీ. మేడ మీదికి రండి. ఆ దొంగెవడో తమరే చూపిస్తే పై నుంచే బుద్ధి చెబుదాం" అన్నాడు. చేతిలో పళ్లెం, దాని నిండా కాగితంలో కట్టిన మైదాపిండి పొట్లాలు.

అంకుల్ మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోయింది. పిల్లలం కూడా వెంట ఎక్కాం. కింద షెడ్డు వాళ్లు తలకి తువ్వాళ్లు చుట్టుకుని, క్యాన్లతో మా గోడ పక్కగా వెళ్తున్నారు. పై నుంచి తువ్వాళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. అంకుల్ కాసేపు కళ్లు చికిలించి చూసి, ఎర్ర తువ్వాలు చుట్టుకున్నవాడే దొంగ అని తేల్చేశాడు, నడకలోనే తెలిసిపోతోందట. ఆయన విసిరిన మొదటి పొట్లం వెళ్లి తన సొంత కారు మీదే పడింది. రెండోది సరిగ్గా ఎర్ర తువ్వాలు మీద పగిలింది. అంకుల్ చప్పట్లు కొట్టాడు.

ఎర్ర తువ్వాలు మనిషి తల పైకెత్తాడు. ఆయన మా నాన్న.

మా ఇంటి నీళ్లు రెండు క్యాన్లు షెడ్డుకి ఇచ్చి రమ్మని, ఎండ కాబట్టి తువ్వాలు చుట్టుకోమని వంట తాతే పంపాడట. పిండి సంగతి మాత్రం చెప్పలేదు. రోజూ సాయంత్రం తనతో పేకాడే మనిషిని అంకుల్ గుర్తు పట్టలేకపోయాడు. సరదాకి వేశానని నసిగాడు.

వంట తాత నవ్వలేదు. "అక్కడా ఇంతేనండి. పై నుంచి చూస్తే అందరూ దొంగలే. కాకపోతే ఇలా తల దులుపుకుని పైకి చూడ్డానికి అక్కడ మనుషులు మిగిలేవారు కాదు" అన్నాడు. మళ్లీ తనే అన్నాడు. "దొరలు తెల్లారగట్ల విమానాలెక్కి వెళ్లేవారండి. వచ్చేసరికి కోడిగుడ్లు వేడిగా ఉండాలి. ఆ ఊరేమైందో ఒక్కడూ మాటెత్తేవాడు కాదు, గుడ్డు సరిగ్గా ఉడికిందా లేదా అన్నదే గొడవ. అవి చల్లారకుండా చూసినోణ్ణి నేనేనండి. ఇంకొకణ్ణి అనేదేముంది." ఆ మాట అంటూ ఆయన పళ్లెంలో మిగిలిన పొట్లాలు ఒక్కొక్కటే విప్పి, పిండిని మళ్లీ డబ్బాలో పోసుకున్నాడు. అంకుల్ వైపు చూడను కూడా లేదు.

మా నాన్న మొహం కడుక్కోలేదు. ఆ పిండితోనే వెళ్లి అంకుల్ గుమ్మంలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వచ్చేపోయేవాళ్లందరూ ఏమైందని అడుగుతుంటే, సెక్రటరీగారు దొంగను పట్టుకున్నారని చెప్పాడు. దీపాలు పెట్టే వేళకి తాళంచెవి బయటికొచ్చింది. అంకుల్ క్షమాపణ చెప్పాడనుకునేరు, అలాంటిదేమీ లేదు. ఫొటోలు తీసేసిందీ లేదు. అలాంటివాళ్లకి సిగ్గు కూడా పై నుంచి ఎవరైనా వేస్తే తప్ప రాదు.

పెద్దయ్యాక నేను అక్కడే ఖురం అనే పేటలో ఒక కంపెనీ ఆఫీసులో, కూలీల క్యాంపు వ్యవహారాలు చూసే సీట్లో చాలా ఏళ్లు పనిచేశాను. ఒకసారి క్యాంపులో ఎవరో ఏసీ పగలగొట్టారు. మా మేనేజరు, చల్లటి గదిలో కాఫీ తాగుతూ, పగలగొట్టినవాడు దొరికేదాకా క్యాంపు మొత్తానికి కరెంటు ఆపేయమన్నాడు. ఆయన ఆ క్యాంపు గేటు ఎన్నడూ దాటలేదు. ఆయన మొహం చూస్తే నాకు మా మేడ మీద చప్పట్లు వినిపించాయి. ఎవరి పేరు మీద ఆపమంటారు అని అడిగాను. అందరిదీ అన్నాడు. ఆ కబురు నేను పంపనని చెప్పి, మధ్యాహ్నం క్యాంపుకి వెళ్లి కూర్చున్నాను. ఆ రోజు కరెంటు ఆగలేదు. మర్నాడు నా సీట్లో ఇంకొకరిని కూర్చోబెట్టి ఆపించారు. నన్ను స్టోర్ గదికి మార్చారు.

మొన్న ఖురంలో ఒక కాఫీ షాపు గోడ మీద మళ్లీ అదే రెండు వరసల రెక్కల విమానం, అదే నిక్కర్ల దొరలు. భలే ఉంది కదా అమ్మమ్మా అన్నాడు మనవడు. దగ్గరికి వెళ్లి చూశాను. వంటవాడు ఫొటోలో లేడు, వాళ్లు పడగొట్టి వచ్చిన ఊరూ లేదు. ఆ రెండూ ఎందుకు లేవో కాఫీ అయ్యేదాకా మనవడికి చెప్పాను. స్టోర్ గదికి పోయినందుకు నాకెప్పుడూ బాధ లేదు. వాళ్ల కోడిగుడ్లు చల్లారకుండా చూసే పని నేను చేయలేదు.