ఎస్తేరు మేడం సగంలో ఆపిన కథ

నిన్న తిరుపతి బస్సులో, కుదుపులు మొదలవగానే నా పక్కసీటావిడ చేతిలోని నిమ్మకాయను గోటితో గీరి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసన తగలగానే నేను ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాను. తొమ్మిదో తరగతిలో ఆ వాసన వరండాలోకి వచ్చిందంటే, దాని వెనకే మా ఇంగ్లీషు టీచరు ఎస్తేరు మేడం వస్తున్నారని అర్థం.

ఆమెకు బస్సు పడదు. అయినా చిత్తూరు నుంచి మా ఊరి హైస్కూలుకు రోజూ ముప్పావుగంట బస్సులోనే వచ్చేవారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. పాలిపోయిన ముఖంతో వచ్చి, నిమ్మకాయను బల్లమీద పెట్టి, "ఐదు నిమిషాలు ఎవురూ నన్ను కదిలించొద్దు, కదిలిస్తే కక్కుతా" అనేవారు. ముందు బెంచీవాళ్లం ఊపిరి కూడా మెల్లగా తీసుకునేవాళ్లం. వ్యాకరణం ఆమె అందరిలాగే చెప్పేవారు గానీ, పాఠ్యపుస్తకంలో కథ వచ్చిందంటే మనిషే మారిపోయేవారు. ముందు పుస్తకాలు మూయించి, కథంతా మా మాటల్లోనే చెప్పి, సరిగ్గా చివరి పేజీకి ముందు ఆపేసేవారు. "మిగిలింది ఇంగ్లీషులో ఉండాది. కావాల్సినోళ్లు సదువుకోండి." మేం కాసేపు గింజుకునేవాళ్లం. ఆ తర్వాత వెళ్లి గైడు కొనుక్కునేవాళ్లం.

ఆ ఏడాది పుస్తకంలో ఒక కథ ఉంది. మంచు పడే దేశంలో ఇద్దరు అన్నదమ్ములు, గట్టు మీది యాపిల్ చెట్టు ఎవరిదని పోట్లాడుకుని మాటలు మానేస్తారు. ఏళ్ల తర్వాత ఒక చలికాలంలో అన్నకు జబ్బు చేసిందని విని, తమ్ముడు బుట్టెడు యాపిళ్లు తీసుకుని మంచులో నడుచుకుంటూ ఆ ఇంటి ముందుకు చేరతాడు. మేడం అక్కడ ఆపారు. అర్ధసంవత్సర పరీక్షలో ఆ కథ మీద ప్రశ్న వస్తే, నేను గైడులోని జవాబును కామాలతో సహా దించేశాను. దాని చివర ఉన్న "మరో జవాబుకు నలభై ఆరో పేజీ చూడుము" అనే ఇంగ్లీషు వాక్యాన్ని కూడా వదల్లేదు. మేడం ఎర్రసిరాతో "వెతికినాను, నీ పేపర్లో అంత దూరం పేజీలు లేవు" అని రాసి సున్నా చుట్టారు.

మా నాయనకు ఇంగ్లీషు రాదు, కోపం మాత్రం బాగా వచ్చు. సాయంత్రం బడి వదిలే వేళకు నేరుగా తరగతిలోకి వచ్చాడు.

"అంతా రాసింటే మా పాపకు సున్నా ఎట్లొస్తాది మేడం?"

"నా బస్సుకు ఇంకా పావుగంట ఉండాది. కూసోండన్నా," అని మేడం కథ మొదలుపెట్టారు.

నాయన నిలబడే విన్నాడు. గట్టు దగ్గరికొచ్చేసరికి బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాడు. "చెట్టు మొదలు ఎవురి పక్కనుండాది?" అని అడిగాడు. నేను తల వంచుకున్నాను. మా పొలం గట్టు మీది మామిడిచెట్టు తగాదాతో ఆయనకూ మా పెదనాయనకూ ఆరేళ్లుగా మాటల్లేవు. మేడంకు ఆ సంగతి తెలియదు. తమ్ముడు అన్న ఇంటి ముందుకు చేరేసరికి బయట బస్సు హారన్ మోగింది. మేడం నిమ్మకాయ పట్టుకుని పరుగు తీశారు.

"మేడం! తలుపు తీసినాడా లేదా?" నాయన కిటికీలోంచి అరిచాడు.

"మీ పాప పుస్తకంలో ఉండాది, సదివించుకోండి!"

ఆ సాయంత్రం నాయన పాలు పితకడం కూడా అమ్మకు అప్పగించి నా ముందు కూర్చున్నాడు. నేను తెలిసిన మాటలు చెబుతూ, తెలియనివి దాటేస్తూ పోయాను.

"బుట్టను యాడో పెట్టినాడంట."

"యాడో అంటే యాడ?"

నిఘంటువు తిరగేశాను. గడప. తమ్ముడు బుట్టను గడప మీద పెట్టి, తలుపు తట్టకుండానే వెనక్కి వెళ్లిపోయాడు. తెల్లారేసరికి అతని అడుగుల్ని మంచు కప్పేసింది. కథ అంతే.

నాయన ముఖం జేవురించింది. "గడప దాకా పోయి తలుపు తట్టలేదా? వొచ్చినట్టు కూడా తెలీలేదా? ఈ రాసినోడికి అన్నదమ్ములు లేరా?"

మర్నాడు పొద్దున్నే ఆయన వీధి చివరున్న పెదనాయన ఇంటికి వెళ్లాడు. అమ్మ భయపడి నన్ను వెనకే తరిమింది. నేను వెళ్లేసరికి ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. "సూడన్నా, ఒక ఇంగ్లీషోడు ఎంత అన్యాయంగా కత రాసినాడో," అంటున్నాడు నాయన. పెదనాయన అంతా విని, "రేయ్, వాడికి బుద్ధి లేదురా, యాపిళ్లు కూడా వృథా," అన్నాడు. ఆరేళ్ల తర్వాత ఇద్దరూ కలిసి ఒకణ్ని తిట్టారు. చెట్టు తగాదా మాత్రం ఈనాటికీ తెగలేదు. కాకపోతే ఇప్పుడు ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగుతూ పోట్లాడుకుంటారు.

ఇదంతా చెబితే మేడం కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు. "నేను బస్సు తప్పిపోతాదని పరిగెత్తినానే తల్లీ, ఇంకేం లేదు," అన్నారు. ఆ తర్వాత, "అర్థమైందా అని మిమ్మల్నడిగితే అందరూ తల ఊపుతారు. ఇంకొకరికి చెప్పమంటే తెలిసిపోతాది ఎవురికెంతొచ్చునో," అన్నారు. మరుసటేడు ఆమెకు చిత్తూరుకే బదిలీ అయింది. వీడ్కోలు రోజున మేమంతా ఏడ్చాం. ఆమె కూడా ఏడ్చారు గానీ, ఇంక బస్సెక్కే పని లేదన్న సంతోషం ఆ ఏడుపులో కూడా దాగలేదు.

ఇప్పుడు నేను తిరుపతిలో ఒక ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. ఇంటికి వెళ్లే రోగులకు ఇంగ్లీషు కాగితాల్లో ఏముందో చెప్పడం నా పని. చెప్పాక నేను వాళ్లను ఊరికే పంపించను. "ఇంటికి పోయి మీ ఆడోళ్లకు ఎట్ల చెప్తావో, నాకు చెప్పు పెద్దాయనా," అంటాను. కొందరు సిగ్గుపడతారు, కొందరు విసుక్కుంటారు, కానీ చెబుతారు. చెబుతూ చెబుతూ ఎక్కడో ఒకచోట, "ఆ తర్వాత ఇంకేందో మాత్ర ఉండాదిలే పాపా," అని దాటేయబోతారు. అప్పుడు నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, మళ్లీ అక్కడి నుంచి మొదలుపెడతాను.