ముప్ఫైనాలుగున్నర

పోయిన వేసవిలో మా మనవరాలి ల్యాప్‌టాప్ తెర మీద, కుడివైపు కింది మూల, గడియారం పక్కన, ఎర్రని అంకె ఒకటి కనబడసాగింది. అది ప్రాసెసరు వేడి అనీ, ఉచితంగా దొరికే ఒక చిన్న ప్రోగ్రాం దాన్ని క్షణక్షణమూ కొలిచి చూపుతుందనీ ఆమె చెప్పినప్పుడు, ఆ యంత్రం మీద నాకు మొదటిసారిగా గౌరవం కలిగింది. మాటను నేను అంత సులభంగా నమ్మను. తేదీని నమ్ముతాను, అంకెను నమ్ముతాను. ఇద్దరు వాడి అమ్మిన ఆ ల్యాప్‌టాప్ వేడి వందకు చేరువైతే ఉన్నట్టుండి ఆరిపోయేది. మా ఊరికి దగ్గరలోని నరసాపురం ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగానికి ఆమె ఇంటినుంచే రాయవలసిన పరీక్ష దగ్గర పడింది. మధ్యలో ఆగిపోతే మళ్లీ లోపలికి రానివ్వరు. మా అబ్బాయి తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కి, చీకటి పడ్డాక ఇల్లు చేరే మనిషి. బంగారు గనులు మూతపడ్డాక మా ఊరి సగం జనం బతుకు ఆ రైల్లోనే గడుస్తోంది. కూతురికైనా ఆ రైలు తప్పాలన్నది వాడి ఒకే ఒక్క కోరిక.

యంత్రాన్ని సంచిలో పెట్టుకుని ముళబాగిలులో రిపేరు అంగడి నడిపే మా కోడలి తమ్ముడి దగ్గరకు నేనే వెళ్లాను. అతడు అడుగు విప్పి, లోపలి ఫ్యాను రెక్కల నుంచి తెల్లని మెత్తని పొడిని బ్రష్షుతో రాల్చాడు. వేళ్ల మధ్య నలిపి చూడగానే గుర్తుపట్టాను: రాతిని నూరి, బంగారం తీసుకుని, మిగిలినదాన్ని మా ఊళ్లో గుట్టలుగా పోశారే, ఆ సైనైడు గుట్టల మన్ను.

“మీ ఊరి సిస్టం ఏది విప్పినా ఇదే మామా. ఆ గుట్టను కొంచెం కొంచెంగా నా అంగడికి మోస్తా ఉండారు మీరంతా!” అని నవ్వి, యంత్రాన్ని తన ఏసీ గదిలోనే నడిపి చూపించాడు. “చూడు, యాభై ఎనిమిది. ఇంగ భయం లేదు.”

“ఈ లెక్క నీ అంగడిదప్పా, మా ఇంటిది కాదు,” అన్నాను. అతడికి అర్థం కాలేదు. గనిలోకి దిగిన నా ఈడువారికి మాత్రం విడమరచి చెప్పనక్కరలేదు.

గనిలో నా ఉద్యోగం వెంటిలేషన్ శాఖలో. ఒక కొయ్యచట్రంలో రెండు థర్మామీటర్లు ఉండేవి. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి, పిడి పట్టుకుని గిరగిరా తిప్పి, ఆగగానే అంకె చదవాలి. లోతులో మనిషిని చంపేది ఒట్టి వేడి కాదు, చెమటను ఆరనివ్వని వేడి. అందువల్ల తడి థర్మామీటరు చెప్పిందే తీర్పు. అది ముప్ఫైమూడున్నర దాటిన చోట మనుషులను పనికి పెట్టకూడదని నిబంధన. నేను చేరడానికి ముందు, మా అన్న పనిచేసే అట్టడుగు చోటు ఎన్నడూ ముప్ఫై దాటినట్టు లెక్కల్లో లేదు. అబద్ధం ఎవరూ రాయలేదు. కారణం మర్యాద. ఇంటికి వచ్చినవారికి మజ్జిగ ఇస్తాం. భూమికి మైలున్నర లోతున ఇవ్వడానికి ఏముంటుంది? డ్రిల్లింగు యంత్రానికి వచ్చే గాలిగొట్టం ఉంటుంది. పైనుంచి ఎవరు వచ్చినా ఆ గొట్టం వారివైపు తిప్పి, చల్లగాలి వదిలి, కాసేపు నిలబెట్టడం అక్కడి ఆచారం. వచ్చినవారు ఆ గాలిలోనే నిలబడి థర్మామీటరు తిప్పి, చదివింది చదివినట్టు రాసుకుని పోయేవారు.

గొట్టం కట్టేయమని నేను అన్నప్పుడు అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది మా అన్నే.

“గాలి వద్దంటాడేందిరా వీడు? పెండ్లికొచ్చి అన్నం వద్దన్నట్లుండాది!”

గాలి సద్దుమణిగేదాకా ఆగి తిప్పాను. ముప్ఫైనాలుగున్నర. గట్టిగా చదివేసరికి నవ్వులు ఆగిపోయాయి. అన్న దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

“అది రాస్తే ఈ చోటు మూసేస్తారప్పా. మమ్మల్ని యాడికి పొమ్మంటావు?”

రాశాను. ఆ వారమూ, ఆ తరువాతి వారాలూ అదే రాశాను. అన్న భయపడినట్టు ఆ చోటును మూయలేదు. నేను ఆశపడినట్టు చల్లగాలినీ పంపలేదు. గనులే మూతపడతాయన్న మాట అప్పటికే వినబడుతోంది. మూసే గనికి కొత్త ఫ్యాను ఎవరు పెడతారు? నా అంకె పైకి వెళ్లేది, కింద ఒక సంతకంతో తిరిగి వచ్చేది.

ఒకనాడు డ్రిల్లింగు చేస్తుండగా అన్నకు చెమట ఆగిపోయింది. ఒళ్లు పొడిబారి, మాట తడబడి, బండకు ఆనుకుని కూలబడ్డాడు. పైకి తెచ్చే ఇనుప బోనులో, కేజిలో, అతడి తల నా ఒడిలోనే ఉంది. కళ్లు తెరిచి ఒకే మాట అడిగాడు.

“ఎంతుండాదిరా?”

చెప్పాను. అది వినడానికే ఆగినట్టు కళ్లు మూసుకున్నాడు. ఆ వారం దాటకుండానే పోయాడు. రెండువేల ఒకటి ఫిబ్రవరి ఆఖరు తేదీన గనులు మూశారు. అతడు నిలబడిన చోటు ఇప్పుడు నీటి కింద ఉంది.

మనవరాలి పరీక్ష మిట్టమధ్యాహ్నం పడింది. గుట్టమన్ను రాకుండా కిటికీలు మూసి, టేబుల్ ఫ్యాను యంత్రం వైపే తిప్పి, కోడలు వంటింట్లో గిన్నె చప్పుడైనా కానివ్వకుండా నిలబడింది. కెమెరా కంట పడకుండా, ఆ మూల అంకె మాత్రం కనిపించేటట్టు, నేను గోడవారగా కూర్చున్నాను. డెబ్బైనాలుగు. ఎనభైఆరు. తొంభైమూడు. మనవరాలు తల ఎత్తకుండా రాస్తోంది; నా చేతిలో తిప్పడానికి ఏ పిడీ లేదు. ఫ్యాను చేయగలిగిందంతా చేస్తోంది. తొంభైతొమ్మిది చూశాను. తెర నల్లబడింది.

ఆమె కీబోర్డు మీదనుంచి చేతులు తీయలేదు. ఇటు తిరగకుండానే అడిగింది.

“చివర్లో ఎంతుండె తాతా?”

“తొంభైతొమ్మిదమ్మా.”

యంత్రం చల్లారి మళ్లీ తెరుచుకునే సరికి పరీక్ష తలుపు మూసుకుపోయింది. ఇప్పుడు తండ్రీ కూతురూ ఒకే రైలుకు వెళుతున్నారు.

ఆ రోజుల్లో వేడి ఎంతో తెలియాలంటే మనిషి దిగి వెళ్లవలసి వచ్చేది; కొలిచేవాడూ పనిచేసేవాడూ ఒకే ఉక్కలో నిలబడేవారు; చదివినా చదవకపోయినా, అంకె పంపడానికి పైన ఒక ఆఫీసు ఉండేది. ఇప్పుడు ఎవరూ ఎక్కడికీ దిగనక్కరలేదు. అంకె దానంతట అదే, ఉచితంగా, క్షణక్షణమూ వస్తుంది. వాళ్లిద్దరూ వెళ్లాక ఆ యంత్రం మూత తుడుస్తాను. గుడ్డకు తెల్లని పొడి అంటుకుంటుంది. మా అన్న పగలగొట్టి పైకి పంపిన రాయి అందులో ఎంతో కొంత ఉండే ఉంటుంది. తెరిచి చూస్తే మూలన నలభైఒకటి. సరైన అంకే. ఎవరికి రాసి పంపాలో మాత్రం తెలియదు.