మా వదినె విప్పించిన ఫాల్స్ సీలింగు

మా పెద్దవదినె పోయిందన్న కబురు నాకు గోడలకు పుట్టీ పెట్టే మేస్త్రి ఫోన్లో చెప్పాడు. పొద్దున్నే పనికి రమ్మన్న మనిషి ఫోను ఎత్తకపోయేసరికి ఇంటికి వెళ్ళి చూశాడట. నిద్రలోనే పోయింది. మేస్త్రి కొంతసేపు ఏడ్చి, ముక్కు చీదుకుని, "మరి గా బెడ్రూముకు ఏ రంగు అనుకున్నదో నీకేమన్న జెప్పిందా కాకా?" అని అడిగాడు. భైంసా తెలుపు అని చెప్పాను. చెప్పిన తర్వాతే నాకూ ఏడుపొచ్చింది.

భైంసా తెలుపు ఏ కంపెనీ రంగుల కార్డులోనూ దొరకదు. అదేమిటో తెలియాలంటే ముందు నా దుకాణం గురించి చెప్పాలి. దారిలో ఎవరు కనిపించినా ఆగి మాట్లాడే అలవాటు నాకు, రాతలోనూ అంతే, కాబట్టి మీరు ఓపిక పట్టాలి. కరీంనగర్లో నాది పెయింట్ల దుకాణం. ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. నేను గల్లా పక్కన కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళకు ఆలస్యం చేస్తుంటాను. మా అన్న పోయిన తర్వాత వదినె హైదరాబాదు వెళ్ళి ఇంటీరియర్ డిజైను కోర్సులో చేరింది. క్లాసులో పిల్లలంతా ఆమెను ఆంటీ అనేవాళ్ళట, పాఠం చెప్పే కుర్రవాడితో సహా. కోర్సు పూర్తిచేసి వచ్చి, నా దుకాణంలో ఒక మూల టేబులు వేసుకుంది.

"కిరాయి అడుగుతవా మర్దీ?" అంది.

"అడిగితే ఇస్తవా వదినె?"

"ఇయ్య. నువ్వెట్లాగు కొట్టు బయటనే ముచ్చట్లు వెడ్తవు. లోపల ఒక మనిషన్న ఉండాలె గద."

ఒకసారి భైంసాలో ఎవరి పెండ్లికో పోయి వస్తూ పత్తి మార్కెట్ దగ్గర కారు ఆపించింది. కొంగులో గుప్పెడు పత్తి మూట కట్టుకొచ్చి, నా బల్ల మీద రంగుల కార్డు పక్కన పెట్టింది.

"తెలుపంటే గిది. నీ డబ్బల ఉన్నది తెలుపు గాదు, దవాఖాన."

"రెండింటికి ఏం తేడా?"

"దీన్ల జర ఎండ ఉన్నది."

ఆ జర ఎండను డబ్బాలో కలపడానికి నేను పడిన కష్టం వేరే కథ. తెలుపులో ఒక బొట్టు పసుపు, బొట్టు కంటే తక్కువ కాఫీరంగు. అప్పటినుంచి మా పెయింటర్లకు అది భైంసా తెలుపు. అలాగే సుల్తానాబాద్ రైస్ మిల్లు వెనక కుప్పపోసిన ఊకను చూసి వచ్చి ఒక పసుపు చేయించింది. ఉట్నూరు వైపు ఒక గోండు గూడెంలో, అలికిన మట్టిగోడ మీద అరచెయ్యి పెట్టి ఎంతకూ తియ్యలేదు. కళ్ళు తిరిగి గోడ పట్టుకుందేమోనని ఆ ఇంటామె మంచం తెచ్చి వేసింది. వదినె ఆ మంచం మీద కూర్చుని, చాయ్ తాగి, గోడను అలికేదెట్లాగో నేర్చుకుని మరీ లేచింది.

"పుస్తకాలల్ల మస్తు బొమ్మలున్నయి గద వదినె, గీ తిరుగుడెందుకు?" అని అడిగాను.

"పుస్తకంల గోడకు చెయ్యి ఆనదు మర్దీ."

కొత్త ఫ్యాషన్లంటే ఆమెకు కోపమేమీ ఉండేది కాదు. నాకే ఉండేది. నా ఈడులో సున్నంలో నీలిమందు కలిపితే అదే ఫ్యాషన్. తర్వాత గులాబీ డిస్టెంపరు వచ్చింది, తర్వాత చిలకపచ్చ. ఆ మీదట మూడు గోడలు ఒక రంగు, నాలుగోది దెబ్బలాడి విడిపోయినట్టు ఇంకో రంగు. ఈమధ్య అంతా బూడిద రంగే. ఇప్పుడు టీవీ వెనక నిలువు చారల పలకలు, బాల్కనీలో ప్లాస్టిక్ గడ్డి, హాల్లో బుద్ధుడి తల. వదినె అన్నీ శ్రద్ధగా చూసేది, పనికొచ్చేది వాడేది. బుద్ధుడి దగ్గర మాత్రం నవ్వు ఆపుకోలేకపోయేది. "ఇల్లు ఇడిసిపెట్టి పోయినాయన బొమ్మను గృహప్రవేశానికి తెస్తరేంది మర్దీ?" అనేది. అని, వాళ్ళు తెచ్చిన తలను వెలుతురు బాగా పడేచోట పెట్టించి వచ్చేది.

నేను బతుకంతా రంగులు అమ్మాను. వాటిని చూడటం మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అందుకే మంచిర్యాలలో ఆమె చేసిన ఒక కొత్త ఇంటి ముచ్చట మీకు చెప్పాలి.

ఆ ఇంటి కొడుక్కు మొబైల్ షాపు ఉంది. ఫోన్లో చూసిన ప్రతి ఇల్లూ అతనికి కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఫాల్స్ సీలింగు, అంటే అసలు స్లాబుకు జానెడు కింద జిప్సం పలకలతో ఇంకో కప్పు, దాని అంచుల్లో దాగిన లైట్లు. వదినెకూ అది నచ్చింది. ఇల్లంతా వేయించింది. తండ్రి బొగ్గుబాయిలో, అదే గనిలో, పనిచేసి రిటైరైనవాడు. ఆ పని జరుగుతున్నన్నాళ్ళూ వేరే ఊళ్ళో కూతురింట్లో ఉన్నాడు. ఆయన్ను ఒక మాట అడగాలని కొడుక్కూ తోచలేదు, వదినెకూ తోచలేదు. కంపెనీ ఇచ్చిన క్వార్టరు ఖాళీ చేసే గడువు దగ్గరపడింది. వాళ్ళకు ఇక ఇల్లంటే ఇదే.

ఆయన వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను, రంగు డబ్బాలు దింపించే సాకుతో. ఆయన హాల్లోకి వచ్చి పైకి చూశాడు. గోడకు ఆనించిన పెయింటరు రోలరు కర్ర తీసుకుని కప్పును కొట్టాడు. దబ్ మంది. పక్కకు జరిగి మళ్ళీ కొట్టాడు. దబ్.

"అందరు బయటికి నడువుండ్రి."

అరవలేదు. అరవకుండా చెప్పినందుకే కావచ్చు, నిచ్చెన మీది పెయింటరు బ్రష్షు పారేసి దూకాడు. నేను దర్వాజ దాటిన వేగం నా వయసుకు తగింది కాదు.

బాయిలో దిగినవాడు పని మొదలుపెట్టేముందు పైకప్పును కర్రతో కొట్టి వింటాడట. గట్టి బండ ఖంగుమంటుంది. బోలుగా మోగితే పొర విడిపోయిందన్నమాట. అప్పుడక్కడ ఎవరూ వాదించరు, బయటికి వచ్చేస్తారు.

ఇక్కడ కొడుకు వాదించాడు. "బాపూ, అది జిప్సం. అది గట్లనే మోగుతది."

"మోగనీ. మోగేదాని కింద నేను పండ."

"నెత్తి మీద పడ్డా దెబ్బ తాకదే."

"నువ్వు పండుకో మరి. నేను కిరాయికి రేకుల షెడ్డు జూస్కుంట."

ఆయన భార్య పాలగిన్నె సంచీ పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయింది. "ఆయన రాకుంట నేను పాలు పొంగియ్య," అంది, కొడుకు వంక చూడకుండా.

వదినె వెళ్ళి, బయట ఇటుకల మీద కూర్చున్న ఆయన పక్కనే కూర్చుంది.

"అన్నా, రోజు దాని కిందనే తిరుగుతున్న. నాకు గా చప్పుడు ఎన్నడు ఇనవడలే."

"ఇనవడొద్దనే మొక్కుకో చెల్లె. ఇనవడ్డోళ్ళకు నిద్ర పట్టది."

"మరి నీకు నిద్ర పట్టాలంటే ఏం గావాలె?"

ఆయన హాలు వైపు వేలు చాపాడు. "కప్పు కనవడాలె. ఈ మూలకెల్లి ఆ మూల దాక, మొత్తం. నడుమ ఏం దాచొద్దు."

వదినె చీర దులుపుకుని లేచింది. "తప్పు నాదే. రేపు విప్పుతం."

కొడుకు ఫోను పట్టుకుని అడ్డం వచ్చాడు. "అంత విప్పితే ఫొటోల ఏం వస్తది ఆంటీ?"

"మీ బాపు వస్తడు."

మర్నాడు పలకలన్నీ దిగాయి. స్లాబు పోసేటప్పుడు అడుగున పడిన సెంట్రింగు చెక్కల గీతలు కనిపించేటట్టే ఉంచి, దాని మీద పలుచగా సున్నం కొట్టించింది. లైట్లను గోడలకు దించి, వెలుతురు పైకి పడేటట్టు పెట్టించింది. హైదరాబాదులో ఇప్పుడు అలాంటి బోడి కప్పే పెద్ద ఫ్యాషనట, కావాలని వేయించుకుంటున్నారట. ఆ సంగతి తర్వాత నేను చెబితే, "వాళ్ళకు ఏ బాయి పని యాదికొచ్చిందో," అంది.

సున్నం ఆరిన మధ్యాహ్నం ఆయన మళ్ళీ వచ్చాడు. కర్ర తీసుకుని హాలు, రెండు బెడ్రూములు, ఆఖరికి బాత్రూముతో సహా కొట్టి విన్నాడు. ఎక్కడ కొట్టినా ఖంగుమంది. కొడుకు వెనకే తిరిగాడు. "జర నడుం వాలుస్త," అని ఆయన హాలు మధ్యలో తువ్వాల పరచుకుని వెల్లకిలా పడుకున్నాడు. ఆ మూల నుంచి ఈ మూలకు కప్పునంతా ఒకసారి చూశాడు. అందరికీ చాయ్ వచ్చేలోపే గురక మొదలైంది. భార్య దర్వాజలో నిలబడి కొంచెంసేపు చూసి, సంచీలోంచి గిన్నె తీసింది.

వదినె వంటింట్లోకి పోయి, ప్లైవుడ్ కోసే మిషను వైరు ప్లగ్గులోంచి పీకేసింది. వడ్రంగులను, పెయింటర్లను, నన్ను, చెప్పులు చేతపట్టుకుని నడవమని సైగ చేసి బయటికి పంపింది. సరిగ్గా అప్పుడే గల్లీ మొగదలలో టైల్స్ లారీ మలుపు తిరిగింది. దాని డ్రైవరుకు హారను మీదినుంచి చెయ్యి తియ్యని అలవాటు. వదినె మెట్లు దిగి, కొంగు నడుముకు చుట్టి, జుట్టంతా రంపపు పొట్టుతో, వట్టి కాళ్ళతో, రెండు చేతులూ పైకెత్తి ఎర్రటి ఎండలో ఆ లారీకి ఎదురు పరుగెత్తింది.