రెయిన్‌కోటు లోపలి వాన

ఆగస్టు, రెండో శనివారం. పొద్దుటినుంచీ ముసురు. హాజరైనవారు: నేను, నా భార్య, ఆమె తమ్ముడు. గోడకు ఆనుకుని నా సైకిల్.

విచారణ సైకిల్ గురించే. పోయిన ఏడాది ముసురులో దాన్ని తొక్కి తడిసి వచ్చి, నేను నెలంతా దగ్గి ఇంట్లో ఎవరినీ నిద్రపోనివ్వలేదు. అప్పుడే మా ఆవిడ తీర్పు చెప్పింది: ఇంకోసారి జలుబు చేస్తే సైకిల్ తమ్ముడి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు పోతుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఉప్పుగూడ నుంచి ఆఫీసుకు నన్ను మోసిన సైకిల్ అది. ఈ వయసులో మోకాళ్లు నా మాట వింటున్నాయంటే దాని పుణ్యమే. డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. మా ఆవిడ డాక్టరును ఒప్పుకోలేదు.

ఆ రోజు ఇంట్లో శొంఠి అయిపోయింది. జలుబు రాకుండా కషాయం తాగాలి, కషాయానికి శొంఠి కావాలి, శొంఠి కోసం వానలో అఫ్జల్‌గంజ్ బజారుకు పోవాలి. గల్లీ కిరాణాలో దొరుకుతుంది గానీ, అది పుచ్చు సరుకని చాలాకాలంగా ప్రచారం చేస్తున్నది నేనే.

బావమరిది ఫోన్లో వచ్చిన ప్రతి వైద్యాన్నీ ముందు మా మీద ప్రయోగిస్తాడు. తాను తెచ్చిన మందపాటి ప్లాస్టిక్ రెయిన్‌కోటు నాకు తొడిగి, మెడదాకా గుండీలు పెట్టి, ఇక చుక్క కూడా లోపలికి రాదన్నాడు. లోపల నా పాత పద్ధతి నాకుంది: చలిగాలి తగలకుండా బనియన్‌కూ చొక్కాకూ మధ్య న్యూస్‌పేపరు. చలికాలం డ్యూటీలన్నీ అలాగే చేశాను.

చుక్క లోపలికి రాలేదు. బయటికీ పోలేదు. తొక్కుతుంటే కోటు లోపల ఇడ్లీపాత్రలా ఆవిరి పట్టింది. తిరిగి వచ్చేటప్పటికి శొంఠి పొడిగా ఉంది, నేను చెమటలో నానిపోయాను. దారిలో రైలు గేటు దగ్గర ఆగినప్పుడు ఆ చెమట చల్లబడి వణుకు పుట్టింది.

ఇంట్లో కోటు విప్పగానే రెండు తుమ్ములు. మూడోదాన్ని మింగేశాను. మా ఆవిడ చొక్కా విప్పించింది. తడిసిన పేపరు సిరా బనియన్ మీద దిగింది. నేను పెట్టుకున్నది శ్రద్ధాంజలి ప్రకటనల పేజీ.

బావమరిది వంగి చూశాడు. "బావా, మీ ఛాతీ మీద ఎవరో పెద్దమనిషి కాలం జేసిండు."

మా ఆవిడ నవ్వలేదు. బనియన్ పిండింది. కోటును తిరగేసి లోపలివైపు చెయ్యి పెట్టి చూసింది. నాకు కషాయం పోసి, పొద్దున వాచ్‌మన్‌ను పంపమని తమ్ముడికి చెప్పింది. నేను ముక్కు మీదుగా దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

మర్నాడు కాఫీకి ముందే నోట్లో థర్మామీటరు పెట్టింది. జ్వరం లేదు. ముక్కు మాత్రం నా తరఫున సాక్ష్యం చెప్పలేదు. బావమరిది వాచ్‌మన్‌ను వెంటపెట్టుకునే వచ్చాడు. ఇచ్చేదేదో శుభ్రంగా ఇద్దామని నేను సైకిల్ సీటు తుడవడం మొదలుపెట్టాను.

ఆమె లోపలికి వెళ్లి రెయిన్‌కోటు తెచ్చి వాచ్‌మన్ చేతిలో పెట్టింది.

"అక్కా, సైకిల్ అన్నవు గద?"

"ఆయన తడిసింది వానకు గాదురా, నీ కోటుకు. గిది ఏసుకొని గేటుకాడ కూసుంటే ఏం గాదు. సైకిల్ తొక్కితేనే లొల్లి."

నేను తుడిచే గుడ్డ దాచేశాను. అంతలోనే ఆమె సైకిల్‌కు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"ముందు ముసురు పోనియ్యుండ్రి," అంది.