మోటారుకు పెట్టిన బొట్టు

కుట్టు మిషను మోటారు మీది నంబరు చెరిపింది నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు.

అమ్మ జాకెట్లు కుడుతుంది. మోకాళ్ళు అరిగాయి, తొక్కడం మానకపోతే నడక కూడా కష్టమవుతుందని డాక్టరు చెప్పాక, శ్రావణంలో మిషనుకు మోటారు పెట్టించాం. ఏడాది వారంటీ. దసరా నాడు, మేం వలస వచ్చిన ఈ పరాయి రాష్ట్రపు ఊళ్ళో, కనేరి పేటలో నాన్న పనిచేసే కార్ఖానాలో మగ్గాలన్నిటికీ పసుపు కుంకుమ పెట్టారు. ఇంట్లో ఆ పని నాది. కత్తెరకు పెట్టాను, టేపుకు పెట్టాను, మోటారుకు మాత్రం నంబరున్న స్టిక్కరు మీదే పెట్టాను. నునుపుగా ఉన్న చోటు అదొక్కటే. మర్నాడు ఎవరి జాకెట్టు గుడ్డకైనా ఎరుపు అంటుకుంటుందని తడిబట్టతో గట్టిగా రుద్దాను. కుంకుమతో పాటు అంకెలూ పోయాయి.

నాలుగో నెలలో మోటారు కాలిన వాసన కొట్టి ఆగిపోయింది. నిజాంపురా బజారులో కొన్న దుకాణానికే తీసుకెళ్ళాం. దుకాణదారు దాన్ని విప్పనైనా లేదు. తిప్పి చూసి, నంబరు లేనిదే కంపెనీ తీసుకోదన్నాడు. స్టిక్కరు అంచున మిగిలిన ఎరుపును గోటితో గీకి, "పూజ చేశారుగా, బాగుచేయమని దేవుణ్ణే అడగండి" అన్నాడు హిందీలో. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

నా చేతిలో వారంటీ కార్డు ఉంది. అందులో అదే నంబరు, అతని చేతిరాతతోనే. కింద అతని ముద్రే. తడిబట్టకే పోయే అంకెలను నమ్ముకొని ఏడాది మాట ఇచ్చినవాడు సిగ్గుపడాలి. తల దించుకున్నది నేను. ఆ కార్డు అతని ముందు పెట్టకుండా మడిచి సంచిలో వేసేశాను. అమ్మే, తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో, బొట్టు పెట్టింది తనేనని చెప్పి చేతులు జోడించింది. ఆ జోడించిన చేతులు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అతని మీద ఎంతో, నా మీదా అంతే.

ఇంటికి రాగానే అమ్మ మిషనుకు పాత బెల్టు ఎక్కించి తొక్కడం మొదలుపెట్టింది. కాలు కిందికి నొక్కిన ప్రతిసారీ పళ్ళు బిగిస్తోంది. ఇక ఉండలేక, "అమ్మా, ఆ నంబరు..." అన్నాను. అమ్మ కాలు ఆపలేదు, తల ఎత్తలేదు.

"నాకెరుకే బిడ్డా. పొద్దుగాల గా కార్డు పట్కొని నువ్వే పొయ్యి అడుగు. మల్ల దసరకు గూడ బొట్టు నువ్వే పెట్టాలె."