బోర్లా పెట్టిన కాగితం

మా టైపు సార్ పోయారని పోయిన నెలలో ఒక ఉదయం తెలిసింది. నారాయణగూడలో నా కంప్యూటర్ రిపేరు దుకాణం షట్టరు ఎత్తుతుంటే పక్క జిరాక్సు అన్న చెప్పాడు. "చిక్కడపల్లి టైపు సార్ పొద్దుగాల పోయిండంట తమ్మీ. నువ్వు ఆయన దగ్గర్నే నేర్చినవ్ గదా?"

అవునన్నాను. షట్టరు సగంలో పట్టుకుని నిలబడ్డాను. దుఃఖం తరువాత వచ్చింది. ముందు వచ్చిన ఆలోచన వేరు: ఇక ఆ సంగతి ఆయనకు చెప్పాల్సిన పని లేదు. నాకు కలిగింది ఊరట. అందుకే ఇది రాస్తున్నాను.

మాది పాలమూరు జిల్లా. మా నాయన మేస్త్రీ పనికి వచ్చి రాంనగర్ బస్తీలో ఉండిపోయాడు. నేను ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఆయన సార్ వాళ్ళ మేడ మీద పిట్టగోడ కడుతూ నా సంగతి చెప్పాడట. "రేపు పంపించు" అన్నారట సార్.

ఆ మేడ మీది గదిలో ఎనిమిది టైపు మిషన్లు ఉండేవి. క్లాసుకు ముందు సార్ పాత బనీను గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచేవారు. నేను నాయనతో పాటు ఇటుకలు మోసినవాణ్ణి. మీట కొడితే కాగితానికి చిల్లు పడేది. "కొట్టకయ్యా, తాకి వదిలెయ్. మీ నాన్న కడితే గోడ నిలబడాలి, నువ్వు కొడితే కాగితం మిగలాలి" అనేవారు.

ఆయనకొక అలవాటు ఉండేది. మేం కొట్టిన కాగితాల్లో తప్పులకు ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టేవారు. తరువాత ఎవరి కాగితం వాళ్ళ బల్ల మీద బోర్లా పెట్టి వెళ్ళిపోయేవారు. ఎన్ని తప్పులో పైకి చదివేవారు కాదు. "నా తప్పులెన్ని సార్?" అని ఎవరైనా అరిస్తే, "నీ తప్పు నువ్వు చూసుకో. పక్కవాడికెందుకు?" అనేవారు. నా మొదటి కాగితం తిప్పి చూస్తే తెల్లటి చోటే తక్కువ. ఆ గదిలో అది ఇద్దరికే తెలుసు.

తరువాత మిషన్లు పోయాయి. సార్ ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ కొన్నారు. అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్ళు వంతులవారీగా వచ్చి తలా అరగంట టైపింగ్ సాధన చేసేవారు. నేను రిపేరు పని నేర్చుకుని దుకాణం పెట్టాను. కంప్యూటర్‌కు ఏమొచ్చినా సార్ నన్నే పిలిచేవారు.

ఒకసారి, "ఇది తెరుచుకునేసరికే వీళ్ళ అరగంటలో ఐదు నిమిషాలు పోతున్నాయయ్యా" అన్నారు. స్విచ్ వేసీ వెయ్యగానే డిలీట్ మీట నొక్కితే, విండోస్ రాకముందే, మిషన్ అసలు సెట్టింగులుండే నీలం పేజీ తెరుచుకుంటుంది. అందులోకి వెళ్ళి, అక్కర్లేదనిపించినవన్నీ ఆపేశాను. మిషన్ తొందరగా లేవసాగింది. "చెయ్యి తిరిగినవాడివి" అన్నారు సార్. ఆ మాట చాలా రోజులు మోశాను.

రెండు నెలల తరువాత కరెంటు పోయి వచ్చేసరికి విండోస్ చెడింది. తెర మీద విండోస్ బొమ్మ దాకా వచ్చి ఆగిపోతోంది. మళ్ళీ ఎక్కించాలంటే పెన్‌డ్రైవ్ నుంచి మొదలవమని అదే పేజీలో చెప్పాలి. డిలీట్ నొక్కాను. పేజీ రాలేదు. పదిసార్లు స్విచ్ ఆపి మళ్ళీ వేశాను. ప్రతిసారీ తిన్నగా బొమ్మకే పోతోంది. వెనుక నలుగురైదుగురు తమ వంతు కోసం నిలబడి చూస్తున్నారు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ ఒకటి కొత్త మిషన్లు బిగించమని జేబులో ఫోను మోగిస్తూనే ఉంది.

సార్ నా భుజం పక్కకు వంగారు. "ఒక్క మాటయ్యా. ఈ కీబోర్డు లైట్లు చూడు. బొమ్మ వచ్చాక గానీ వెలగడం లేదు. ఇదివరకు స్విచ్ వెయ్యగానే వెలిగేవి. నువ్వు నొక్కేటప్పటికి దీనికింకా ప్రాణం రావట్లేదేమో. బీరువాలో పాతది ఉంది, గుండ్రటి పిన్నుది. పెట్టి చూద్దామా?"

నేను నవ్వాను. "గిది టైపు మిషన్ గాదు సార్, రిబ్బన్ మార్చినట్టు కీబోర్డు మారిస్తే అయిపోనీకి. లైట్లు చూసి మీరే రోగం చెప్తే ఇగ మేమెందుకు?"

వెనుక ఉన్నవాళ్ళు నవ్వారు. "సార్, మీరు గూడ అన్న పక్కకే దుకాణం పెట్టుండ్రి" అన్నారెవరో. సార్ కూడా నవ్వారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"లోపల మదర్‌బోర్డు పోయింది సార్. పాతది, ఇగ దొరకది. పక్కన పెట్టేయుండ్రి" అని లేచాను. డబ్బా మూత కూడా విప్పలేదు. విప్పి, లోపలున్న బిళ్ళ బ్యాటరీ కాసేపు తీసి పెడితే సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ చెయ్యలేదు. తొందర ఒక కారణం. నాకు అర్థం కాలేదని అంతమంది ముందు ఒప్పుకోలేకపోవడం ఇంకో కారణం.

ఆ వారంతో క్లాసు ఆగిపోయింది. నేర్చుకునేవాళ్ళు విద్యానగర్‌లో ఇంకో చోటికి వెళ్ళారు.

కొన్ని నెలలకు రాంనగర్ నుంచి ఒక మిషన్ అదే జబ్బుతో నా దుకాణానికి వచ్చింది. ఎందుకో కీబోర్డు లైట్లు చూశాను. బొమ్మ వచ్చాకే వెలిగాయి. పాత సామాన్లలోంచి గుండ్రటి పిన్ను కీబోర్డు తీసి పెట్టి డిలీట్ నొక్కితే పేజీ తెరుచుకుంది. అందులో ఒక వరుస ఆపేసి ఉంది. సార్ వాడే కీబోర్డులాంటి చదును పిన్ను యూఎస్‌బీ కీబోర్డును విండోస్ రాకముందే పని చేయించేది ఆ వరుసే; గుండ్రటి పిన్నుదానికి దానితో పని లేదు. సార్ మిషన్‌లో తొందర కోసం నేను ఆపేసినవాటిలో అదొకటి. బోర్డు పోలేదు. పాడు చేసింది నేను.

నా దుకాణం నుంచి సార్ ఇంటికి నడిచి పోయేంత దూరం. వెళ్ళలేదు. ఆ సందు తప్పించి చుట్టూ తిరిగి పోవడం అలవాటు చేసుకున్నాను. అయినా ఒక సాయంత్రం నారాయణగూడ చౌరస్తాలో మందుల సంచితో సార్ ఎదురయ్యారు.

"ఏమయ్యా, పని బాగుందా?"

"నడుస్తున్నది సార్."

"ఆ లైట్ల సంగతి ఎప్పుడైనా చూశావా?"

"లేదు సార్. టైం దొరకలే."

"సరే. తీరిక దొరికినప్పుడే" అని రోడ్డు దాటి వెళ్ళిపోయారు. నాకు సంగతి తెలిసి అప్పటికి మూడు నెలలు.

పదకొండో రోజు దాటాక వాళ్ళింటికి వెళ్ళాను. సార్ భార్యను మేమంతా అమ్మ అనేవాళ్ళం. పై గది తాళం తీసింది. కంప్యూటర్ మీద బనీను గుడ్డ కప్పి ఉంది. దాని ముందు గుండ్రటి పిన్ను కీబోర్డు ఉంది. కూర్చోకుండానే చెప్పాను. "బోర్డు పోలేదమ్మా. సార్ చెప్పిందే నిజం. నేనే తప్పు చెప్పిన."

"తెలుసు బాబూ" అంది అమ్మ. "నువ్వెళ్ళిన పది రోజులకే ఈ పాతది ఆయనే తగిలించారు. ఏదో నీలం పేజీ వచ్చింది. నన్ను పిలిచి చూపించి ఆపేశారు. ఇంకొకర్ని పిలిపించండి, క్లాసు నడవాలి కదా అన్నాను. వింటేనా, మొండి మనిషి! వేరేవాడు చూస్తే వీడి తప్పు బజారులో పడుతుంది, వాడిది కొత్త దుకాణం, వాడే వచ్చి చూసుకుంటాడులే అన్నారు." తాళంచెవి కొంగుకు ముడి వేసుకుంది. "నువ్వు రాలేదు."

కంప్యూటర్ మీది గుడ్డ తీసి మడిచాను.

ఆ రోజు నాతో కలిసి నవ్వినవాళ్ళు ఎక్కడెక్కడ ఉద్యోగాల్లో ఉన్నారో తెలియదు. ఎవరైనా ఇది చదివితే, సార్ చూసింది సరిగ్గానే చూశారని తెలుసుకోవాలి. నవ్వించింది నేను.

అమ్మ కిందికి వెళ్ళాక స్విచ్ వేశాను. తెర ఇంకా నల్లగా ఉండగానే మూడు చిన్న లైట్లు వెలిగాయి. డిలీట్ మీట తాకి వదిలాను. నీలం పేజీ తెరుచుకుంది. నేను ఆపేసిన వరుస ఆపేసినట్టే ఉంది. సార్ దాన్ని ముట్టుకోలేదు.