ఢిల్లీశ్వరి చూపించిన ఒసాకా

పలాసలో సాయంత్రం రైలెక్కి చెన్నైలో దిగి, అక్కడి నుంచి విమానంలో సింగపూర్ మీదుగా ఒసాకా చేరాను. టికెట్లు నా మనవరాలు ఢిల్లీశ్వరి తీసింది. అది అక్కడ వృద్ధాశ్రమంలో ముసలివాళ్లను చూసుకునే పని చేస్తోంది. దాని తండ్రి, మా పెద్దబ్బాయి, మా వైపు ఇంటింటా ఉన్న కిడ్నీల జబ్బుతో పోయాక, "ఈ ఉద్దానం నీళ్లకి దూరంగా ఎక్కడికైనా ఎల్లిపో" అని దాన్ని పంపింది నేనే. అనవసరంగా డబ్బు తగలెయ్యడం నాకు గిట్టదు. "నానెందుకే అంత దూరం?" అంటే, "ఇప్పుడే రావాలి మామ్మా, సెలవెట్టినాను" అంది.

మొదటి రోజు కోట చూశాం. గోడల్లో ఒక్కొక్క రాయి మా వంటగదంత ఉంది. మెట్లెక్కుదామంటే వినకుండా, "నీ మోకాళ్ల కోసమే" అని లిఫ్టులో తీసుకెళ్లింది. బయట తిండి ఖరీదని పులిహోర కట్టుకెళ్లాం.

రెండో రోజు ఎనిమిదింటి రైలుకి నారా. గంట లోపే ప్రయాణం. రైల్లో ఎవరూ మాట్లాడరు; నా గొంతు నాకే కేకలా వినబడింది. అక్కడ జింకలు మనుషుల మధ్యే తిరుగుతాయి. బిస్కట్టు చూపిస్తే తల వంచి దండం పెడతాయి, ఆలస్యమైతే చీర లాగుతాయి. పెద్ద బుద్ధుడి గుడిలోకి నన్నొక్కదాన్నే పంపి అది బెంచీ మీద కూర్చుండిపోయింది. "సూసిందే ఎన్నిసార్లు సూత్తాను?" అంది. వయసు పిల్లకి ఇంత బద్ధకమేమిటని తిట్టాను.

మూడో రోజు కొండ వీధులు చూపిస్తానని బస్సులో అరిమ తీసుకెళ్లింది. గంట దారి. అది వేడినీళ్ల ఊరు. వీధి పక్కనే రాతి తొట్టిలో తుప్పురంగు నీళ్లు. ఎవరైనా కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు, డబ్బు అడగరు. ఊరికే వచ్చేదాన్ని ఎందుకు వదలాలి? నేను కూర్చున్నాను. అది నిలబడే ఉంది.

"కూసోవే."

"నాకొద్దు మామ్మా."

"ఇంత దూరం తెచ్చి దొరసానిలాగ నిల్సున్నావేటి? ఇప్పు ఆ మేజోళ్లు."

ఇప్పింది. మేజోడు అంచు దగ్గర కాలిచుట్టూ గాడి పడి ఉంది. మా ఉద్దానం ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేని పని చేశాను. చీలమండ పైన బొటనవేలితో నొక్కి తీశాను. సొట్ట పడింది. మళ్లీ పైకి లేవలేదు. కొడుక్కీ ఇలాగే మొదలైంది.

"ఆస్పత్రికెల్లినావా?"

"ఎల్లినాను. నాన్నకొచ్చిందే."

"మరి నన్ను ఊళ్లు తిప్పడమేటే?"

"నడవగలిగినప్పుడే నీకన్నీ సూపిద్దామని."

నాతో వచ్చెయ్యమన్నాను. "ఇక్కడ వైద్యం బాగుంటాది మామ్మా. అక్కడికొచ్చి నాన్న పడుకున్న మంచం మీదే పడుకోమంటావా?" అంది. 

పక్కన కూర్చున్న జపాను ముసలామె మమ్మల్ని చూసి నవ్వుతూ ఏదో అంది.

"మనవరాలితో తిరగడం అదృష్టమని అంతన్నాది" అని ఢిల్లీశ్వరి చెప్పింది.

"అవునని సెప్పు" అన్నాను.

తిరుగు ప్రయాణంలో, చెన్నై నుంచి వచ్చే రైల్లో ఎదుటి సీటులో మా ఉద్దానం పక్కనున్న టెక్కలి ఆమె కూర్చుంది. జపాను ఎలా ఉందని అడిగింది. శుభ్రంగా ఉందని, రైళ్లు చెప్పిన నిమిషానికి వస్తాయని, కుళాయి కింద దోసిలి పట్టి నీళ్లు తాగొచ్చని చెప్పాను. ఇది చదివే మీలో ఎవరైనా వెళ్తే నారాకి పొద్దున్నే వెళ్లండి. అరిమకి ఒక పూట చాలు.

"మళ్లీ ఎల్తావేటి మామ్మా?" అంది ఆమె.

"ఎల్తాను. జీడితోట కౌలుకిచ్చేసి, వీసా ఎన్నాళ్లిత్తే అన్నాళ్లుంటాను."

"ఓలమ్మా! ఇంకా అన్ని ఉన్నాయేటి సూడ్డానికి?"

"సూడ్డానికి కాదు. మనవరాలికి ఉప్పు లేకుండా ఒండి పెట్టాలి."

ఆమెది టెక్కలి. ఉప్పెందుకు లేకుండానో అడక్కుండానే, లేచి వచ్చి నా పక్కన కూర్చుంది.